లింగమూర్తి పద్దెనిమిదో మోసం

మోసపోవడంలో లింగమూర్తిని మించినవాడు ఆ మగ్గాల ఊళ్లలో, కిమ్ నుంచి కడోదరా దాకా లేడు. ఆ మాట ఆయనే ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. లోకం తన తెలివిని చాటుకుంటే, ఆయన తన తెలివితక్కువతనాన్ని పతకంలా తగిలించుకుని తిరిగేవాడు.

కరోనా రెండో విడత తగ్గాక, పెళ్లిళ్లు లేక మూలన పడ్డ ప్రొజెక్టరును వీడియో కనకయ్యను అడిగి తెచ్చాడు. మగ్గాలకు సెలవైన రోజు షెడ్డు గోడకు రంగెక్కని బట్ట బిగించి, ఫోను మోసాల మీద తీసిన చిన్న సినిమాలు వేసేవాడు. జనం మాస్కులతో, చేయి దూరంలో కూర్చునేవారు. తెర మీద దొంగ ఓటీపీ అడగగానే బొమ్మ ఆగిపోయేది.

“గీడనే నేను మునిగిన,” అని మొదలుపెట్టేవాడు లింగమూర్తి.

డుమస్‌ సముద్రపు ఒడ్డున ఉచిత బజ్జీలకు ఆశపడి ఓటీపీ చెప్పాడట. లాటరీలో ఏనుగు తగిలిందంటే, దాని రైలు కిరాయితో పాటు దారిఖర్చుకు చెరుకుగడలకూ డబ్బు పంపాడట. అలా పదిహేడు మోసాలు. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

పొరుగింటి ఐలమ్మకు మాత్రం ఒక సెలవు రోజున నవ్వు రాలేదు. పొద్దున్నే టీకా నమోదని ఎవడో ఫోను చేస్తే, ఓటీపీ ఆరంకెలూ చదివి వినిపించింది. లేసు మిషను కోసం కూడబెట్టిన సొమ్మంతా రెప్పపాటులో మాయమైంది. కోడలు ప్రమీల వద్దంటున్నా పట్టుబట్టి ఫోను కొనుక్కున్న మనిషి, ఇప్పుడు ఏ మొహంతో చెబుతుంది? వాకిట్లో లింగమూర్తి “ఎవల ఫోన్ చెల్లె?” అనడిగితే, రాంగ్ నంబరంది.

సినిమాలో పోలీసాయన, వెంటనే చెబితే సొమ్మును దారిలోనే ఆపవచ్చంటున్నాడు. బొమ్మ ఆగింది.

“పద్దెనిమిదోది ఇయ్యాల్నే అయింది. టీకా అన్నడు. ఆరు నంబర్లు జెప్పిన,” అన్నాడు లింగమూర్తి.

ఐలమ్మ లేచి వెళ్లి ఆయన చెవిలో గుసగుసగా చెప్పింది. “అన్నా, నేను సుత చెప్పిన.”

ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో అరిచి మాట్లాడిన గొంతు అది. ఆ గుసగుస షెడ్డంతా వినబడింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిందంతా లింగమూర్తి పదిహేడు మోసాలకే నవ్వేసి ఉన్నారు. కనకయ్య తల గోక్కుంటూ తానూ మొన్న మునిగానన్నాడు. ప్రమీల అప్పటికే తెర మీది హెల్ప్‌లైను నంబరు నొక్కుతోంది.

“అత్తా, ఖాతా పుస్తకమేడున్నది? తిట్టుడు తర్వాత,” అంది.

సొమ్ము దారిలోనే ఆగింది. మూడు వారాలకు పైసా తగ్గకుండా తిరిగొచ్చింది. కొత్తగా కొన్న లేసు మిషనుకు దండ వేసి, ఐలమ్మ మిఠాయి పొట్లంతో లింగమూర్తి ఇంటికి వెళ్లింది. గూట్లో ఆయన ఫోను కనబడింది. రబ్బరు బ్యాండు చుట్టిన మీటల ఫోను. దాని తెర చచ్చి మూడేళ్లయింది. ఓటీపీ వచ్చినా కనబడదు.

“అన్నా, గిండ్ల ఏం చదివి చెప్పినవ్? పద్దెనిమిది అబద్ధాలా?”

“పొద్దుగాల నువ్వు నంబర్లు జదువుతాంటే గోడ అవతలికెల్లి ఇన్న. ఉరికొచ్చేసరికి అయిపోయింది. అడిగితె రాంగ్ నంబరంటివి. ముందుగాల ఒక పిచ్చోడు జెప్తె, ఎనుక షానోళ్లు చెప్తరు. జర మెల్లగ మాట్లాడు, గల్లీ ఇంటది.”

ఎవరికీ చెప్పనని ఐలమ్మ గుసగుసగా మాటిచ్చింది. గల్లీలో నాలుగు కిటికీలు తెరుచుకున్నాయి.

మళ్లీ సెలవు రోజున లింగమూర్తి పంతొమ్మిదో మోసం అందుకున్నాడు. ఏమీ తెలియనట్టే గల్లీ అంతా నోరు తెరుచుకుని విన్నది. అందరికంటే ముందు ఐలమ్మ అడిగింది. “అయ్యో అన్నా, మళ్ల మునిగినవా?”