మా చెప్పుల అంగడిని పేకాట పేజీలోనుండి విడిపించిన దేవుడు

యేసయ్య ప్రేమలో ఈ పత్రిక చదువుతున్న సహోదరీ సహోదరులందరికీ మదనపల్లె గ్రేసమ్మ వందనాలు! నా భర్త ఏసన్న మీలో చాలామందికి తెలుసు. స్పర్శ పోయిన పాదాలకు, షుగరుతో పుండ్లు పడే పాదాలకు మెత్తటి చెప్పులు కుడతాడు. వయసంతా మిషన్ ఆసుపత్రి చెప్పుల గదిలోనే గడిపాడు. ఆ గది మూతపడ్డాక మా ఇంటి వసారాలోనే కుట్టు మిషను వేసుకుని, నల్ల రబ్బరు షీట్లు, చెక్క పాదాల అచ్చులు అన్నీ గోడకు సర్దుకుని, ప్రభువు పేరట పని మొదలుపెట్టాము. చేతిలో పని ఉంది, మెళకువ ఉంది, మనుషులే రావడం లేదు! పాత రోగులంతా అలవాటు ప్రకారం ఆసుపత్రికే వెళ్ళేవారు, గేటు దగ్గర కొత్తగా చేరినవాళ్ళకు మేమెవరో తెలియదు, పాపం ఆ రోగులు వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయేవారు.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం బి.కొత్తకోట నుండి రెడ్డెప్ప అనే వేరుశనగ రైతు కుంటుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. ముందు ఆయనకు నా భర్తే చెప్పులు కుట్టేవాడు. అవి అరిగిపోయాక మమ్మల్ని వెతికి వెతికి దొరకక, సంతలో మామూలు చెప్పులు కొని తొడుక్కున్నాడు. మేకు దిగింది, స్పర్శ లేదు కదా, దిగినట్టే తెలియలేదు! చివరికి బొటనవేలు తీసేశారు.

"ఏసన్నా, నువ్వు ఈడనే ఉండావా? నేను యాడ యాడ తిరిగినానో! నువ్వు యాడుండావో ఒక్కరూ చెప్పలేదు కదప్పా!" అని ఆయన మా మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు.

ఆ రోజు నా భర్త అన్నం ముట్టలేదు. "మే గ్రేసూ, మనం ఈడుండామని అందురికీ తెలియాల. ఎట్ల చేస్తావో చెయ్" అన్నాడు. సహోదరులారా, అప్పుడే ఎవరో అన్నారు, వెబ్‌సైట్ పెట్టుకోండి, ఈ కాలంలో అందరూ ఫోనులోనే వెతుక్కుంటారు అని. అది విని నేను స్తోత్రం అన్నాను, నా కష్టాలన్నీ ఆ స్తోత్రం తరువాతే మొదలయ్యాయని అప్పుడు నాకేం తెలుసు!

పుంగనూరులో జిరాక్స్ అంగడి పక్కన చరణ్ అనే కుర్రాడు వెబ్ డిజైన్ అని బోర్డు పెట్టుకుని ఉంటే వెళ్ళి కలిశాము. మేము అడిగింది చాలా చిన్నది, మా పేరు, మేము చేసే పని, బస్టాండు నుండి మా ఇంటికి దారి, ఫోన్ నెంబరు, అంతే. ఉన్న కొద్దిలో అయిపోవాలి అన్నాము.

"ఆంటీ, మీరు టెన్షన్ పడొద్దు. చెప్పులు అని కొడితే ప్రపంచంలోనే మీదే ఫస్టు వస్తాది" అన్నాడు.

"ప్రపంచం మనకెందుకు నాయనా? నిమ్మనపల్లె, పుంగనూరు, కుప్పం చాలు" అన్నాను నేను. నా మాట వాడి చెవిన పడలేదు.

అయ్యో, ఆ వెబ్‌సైట్ వచ్చిన రోజును తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల తిరుగుతుంది! తెరవగానే సంగీతం మోగింది, తెల్లదొరసానులు ఎత్తు మడమల చెప్పులు వేసుకుని మెట్లు దిగుతున్న బొమ్మలు ఒకదాని వెనుక ఒకటి జరిగిపోతున్నాయి, నా భర్త బొమ్మ ఎక్కడా లేదు, మదనపల్లె అన్న మాట వెతికితే అడుగున చీమంత అక్షరాల్లో ఉంది. మధ్యలో ఏదో అర్థంకాని భాషలో పేరాలు పేరాలుగా రాసి ఉంది. మా సంఘ పెద్ద అద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చదివి, "గ్రేసమ్మా, ఇది పరిశుద్ధాత్మ పలికించే అన్యభాషా? దీనికి అర్థం చెప్పే వరం ఎవురికన్నా ఉండాదా?" అని నిజంగానే అడిగారు! చరణ్‌ను అడిగితే అది ఉత్తుత్తి రాత ఆంటీ, మీ రాత వచ్చేదాకా చోటు పట్టుకోను పెట్టినాను అన్నాడు. మా రాత నేను మొదటి రోజే కాగితం మీద రాసి ఇచ్చాను కదా నాయనా అంటే, ఆ కాగితం యాడనో ఉండాది అన్నాడు.

ఇక అక్కడ నుండి మదనపల్లెకూ పుంగనూరుకూ మధ్య తిరిగే బస్సుల్లో కండక్టర్లందరూ నాకు చుట్టాలయిపోయారు. ఒకసారి వెళితే సర్వర్ మారుస్తాండా అంటాడు, ఇంకోసారి వెళితే భోజనానికి పోయినాడు అంటారు, సంగీతం తీసేయమంటే సంగీతం ఉంచి బొమ్మలు తీసేశాడు! పల్లెల్లో సిగ్నల్ సరిగా అందని చోట ఆ బరువైన పేజీ తెరుచుకునేలోపు మనిషి ముసలివాడయిపోతాడు. నా రక్తపోటు పెరిగింది, ప్రార్థనలో మోకరిస్తే వాక్యం బదులు చరణ్ ముఖం కనిపించేది. ఒకరోజు నేను వంటింట్లో గరిటె చేత్తో పట్టుకునే, "ప్రభువా, ఎర్ర సముద్రాన్ని పాయలు చేసినావు, ఎరికో గోడలు కూల్చినావు, ఈ ఒక్క పేజీని తెరిపించడం నీకంత కష్టమా? ఆ పిల్లోడి చెవులు తెరువు తండ్రీ, లేదంటే నా నోరు ముయ్యి!" అని ప్రార్థించాను. దేవుడు అప్పటికి రెండూ చేయలేదు.

ఎలాగో ఒకలాగ తెలుగులో మా పేరు, ఫోన్ నెంబరు పైకి వచ్చాయి, అది చాల్లే అనుకుని ఇదే పత్రికలో ప్రకటన వేయించాము. మీలో చాలామంది చూశారు. చూసినవాళ్ళు ఏం చూశారో తలుచుకుంటే ఇంకా నా చెవులు ఎర్రబడతాయి! ఎందుకంటే ప్రకటన అచ్చయ్యే వేళకు చరణ్ అంగడి మూసేసి బెంగుళూరు వెళ్ళిపోయాడు, ఫోన్ నెంబరు మార్చేశాడు, వెబ్‌సైట్ పేరుకు ఏడాదికొకసారి కట్టవలసింది కట్టలేదు, ఆ పేరు మా పేరు మీద కాక తన పేరు మీద రాయించుకున్నాడన్న సంగతి మాకు తెలియనే తెలియదు. గడువు దాటిపోగానే ఎవరో దాన్ని కొనేసి పేకాట పేజీ పెట్టేశారు! స్త్రీల సమాజం కూడికలో మా రత్నమ్మక్క అందరికీ చూపిద్దామని ప్రేమగా ఫోను తీసి నొక్కితే, గలగలా నాణేలు రాలిన శబ్దం, ఇస్పేటు రాణి కన్ను గీటడం! రత్నమ్మక్కే ఫోను బోర్లించి, గొంతు తగ్గించి, "ఏమ్మే, ఏసన్న పేకాటకేమన్నా దిగినాడా? యాల సెప్పలేదు మాకు, ప్రార్థన చేసుందుము కదా" అంది.

నేను ఇంటికి వచ్చి ఏడ్చాను. మరుసటి ఉదయం చూస్తే నా భర్త చెక్క అచ్చులన్నీ గోడ మీద నుండి తీసి గోతంలో కట్టేస్తున్నాడు. "హార్స్లీ హిల్స్ మీద ఒక గెస్ట్‌హౌస్‌కి వాచ్‌మన్ కావాలంట, ఒకటో తేదీ నుంచి వస్తానని చెప్పినాను. చాల్లేమ్మే, ఎవురూ రాని అంగడికి ఎంతకాలం కూసోవాల?" అన్నాడు. సహోదరులారా, ఎంతమంది పాదాలనో కాపాడిన చేతులు ఇక గేటు తీయడానికీ వేయడానికీ వెళుతున్నాయి! నేను అప్పుడు పెద్ద ప్రార్థన ఏమీ చేయలేదు, చేయడానికి నాకు బలం లేదు. "నీకు కనిపిస్తాండాదా ప్రభువా?" అన్నాను, అంతే.

గోతం మూతి ఇంకా కట్టలేదు, ఫోను మోగింది!

"అక్కా, కుప్పం నుంచి సెల్విని మాట్లాడతాండా. బడిలో కంప్యూటర్ టీచర్ని. మా పక్కింట్లో మీ పత్రిక తెప్పిస్తారు, దాంట్లో మీ ప్రకటన, ఫోన్ నెంబరు సూసినాను. మా అమ్మకి చెప్పులు కావాలని మీ పేజీ నొక్కితే పేకాట వస్తాండాది. మీరు యాపారం మార్చేసినారా?"

నేను ఏదో చెప్పబోతుంటే నా భర్త ఫోను తీసుకుని ఒక్కటే అడిగాడు, "అమ్మా, మీ అమ్మ పాదం అడుగున నల్ల మచ్చ ఏమన్నా ఉండాదా?" ఉంది అంది ఆ బిడ్డ. ఆయన వెంటనే కొలత కాగితాలు, రబ్బరు ముక్కలు సంచిలో వేసుకున్నాడు. ఆ తల్లి బస్సెక్కి రాలేని స్థితిలో ఉంది కనుక మేమే కుప్పం వెళ్ళాము.

సెల్వి తల్లి మునెమ్మ దీపం పెట్టి పూజ చేసుకునే ఇల్లాలు, మమ్మల్ని చూసి కన్నబిడ్డలు వచ్చినట్టు సంతోషపడింది. బొటనవేలి కింద మచ్చ చూసి నా భర్త, ఇంకొన్నాళ్ళు మామూలు చెప్పుతో నడిచుంటే రెడ్డెప్ప గతే పట్టుండేదన్నాడు. ముందు డాక్టరుకు చూపించండి అని చెప్పి, నేల మీద కూర్చుని ఆ పాదాన్ని తన ఒడిలో పెట్టుకుని కొలత తీస్తుంటే, సెల్వి నా పక్కన వచ్చి కూర్చుంది.

"అక్కా, నేను మీకొక పేజీ చేసిస్తాను."

"వద్దు తల్లీ! నీకు దండం పెడతాను, వెబ్‌సైట్ అనే మాట నా దగ్గర అనొద్దు. పాము అను, తేలు అను, పడతాను. ఇది మాత్రం వద్దు!"

ఆ బిడ్డ నవ్వి, కాఫీ ఇచ్చి, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. "అక్కా, పేరు వేరే, గది వేరే. పేరంటే అంగడి బోర్డు, ఏడాదికొకసారి దానికి కట్టుకోవాల. గదంటే మీ పేజీని పెట్టే చోటు, మీకు కావాల్సినంత చిన్న పేజీకి ఆ చోటు ఉచితంగానే దొరుకుతాది. బోర్డు మాత్రం ఎవుర్నీ నమ్మి ఇంకొకరి పేరు మీద రాయించొద్దు. మీ పేరు, మీ మెయిలు, మీ పాస్‌వర్డు. నేను కూడా దాన్ని తెలుసుకోను, మీరే కొట్టండి."

ఇంతేనా! ఈ నాలుగు మాటలు నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే! పాత పేరు తిరిగి తీసుకుందామని చూస్తే, దాన్ని పట్టుకున్నవాళ్ళు అడిగే ధర మా బతుకుకు అందేది కాదు, పోనీ అని వదిలేసి కొత్త పేరు నా పేరు మీదే తీసుకున్నాము. అదైనా సుళువుగా అయిందా? ఓటీపీ వస్తుంది అంటే అది నా భర్త ఫోనుకు వచ్చింది, ఆ ఫోను సంచి అడుగున రబ్బరు ముక్కల కింద ఉంది, వెతికి తీసేలోపు దాని గడువు అయిపోయింది, మళ్ళీ పంపితే ఎవరో బ్యాంకు వాళ్ళనుకుని ఆయనే చెరిపేశాడు! నేను తల పట్టుకుంటే మునెమ్మ, "కానీలే బిడ్డా, పాలు పొంగినాకనే పాయసం" అంది. చివరికి ఒకే ఒక్క పేజీ తయారైంది. సంగీతం లేదు, దొరసానులు లేరు. మునెమ్మ పాదాన్ని పట్టుకున్న నా భర్త చేతుల ఫోటో సెల్వి అప్పుడే తీసింది, అదే పైన పెట్టింది. కింద ఎలాంటి పాదాలకు ఈ చెప్పులు కావాలో, బస్టాండు నుండి ఎలా రావాలో పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసింది.

తెరిచి చూస్తే తెరుచుకోలేదు!

"కొత్త పేరు కదక్కా, అన్ని సోట్లకీ తెలియను కొంచెం టైము పడతాది. రేపటికి వస్తాది" అంది సెల్వి. రేపు అన్న మాట చరణ్ నోట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలుసు. తిరుగు ప్రయాణంలో పుంగనూరులో బస్సు ఆగితే మళ్ళీ నొక్కాను, తెరుచుకోలేదు. కిటికీలోనుండి మూసి ఉన్న చరణ్ అంగడి కనిపిస్తోంది. అప్పుడు కళ్ళు మూసుకుని, "తండ్రీ, నాకు చేతనైంది చేసినాను, ఇంక నేను నొక్కను. ఈ విసుగును నా మీద నుంచి తీసెయ్, ఇది నన్ను తినేస్తాండాది. నీకు ఎప్పుడు తెరవాలనిపిస్తే అప్పుడు తెరువు" అన్నాను. ఫోను సంచిలో పెట్టేశాను. ఎన్నో నెలల తరువాత ఆ బస్సులో నా భర్త భుజం మీద తల పెట్టి నిద్రపోయాను, సహోదరులారా!

మరుసటి ఉదయం నేను వసారా ఊడుస్తుంటే తెలియని నెంబరు నుండి ఫోను.

"అమ్మా, నిమ్మనపల్లె నుంచి మాట్లాడతాండాను. మా నాయన గొర్రెలు కాస్తాడు, కాలికి నిప్పు తగిలినా తెలియడంల్యా. ఎవురో ఫోనులో పంపితే మీ పేజీ సూసినాము. బస్సెక్కేసినాము, ఏసన్న ఉంటాడు కదా?"

"ఏ పేజీ నాయనా?" అన్నాను నేను.

"మీ పేజీనేమ్మా! ఎవురిదో పాదం పట్టుకోని ఉండాడు సూడు, ఆ పేజీ!"

నేను చూడకముందే దేవుడు దాన్ని తెరిచి, కావలసినవాడికి చూపించేశాడు! చీపురు అక్కడే పడేసి హల్లెలూయా అని నేను అరిచిన అరుపుకు నా భర్త నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చాడు. విషయం విని గోతం విప్పి, చెక్క అచ్చులను ఒక్కొక్కటిగా తుడిచి గోడకు పెట్టాడు. గెస్ట్‌హౌస్ వాళ్ళకు నేనే ఫోను చేసి, ఆయన రాడు అని చెప్పాను, ఎంత సంతోషంగా చెప్పానో!

మునెమ్మ మచ్చ పుండు కాకముందే తగ్గిపోయింది, దేవునికే మహిమ! నిమ్మనపల్లె గొర్రెల కాపరి కొత్త చెప్పులు తీసుకోవడానికి వచ్చిన రోజు వాటిని వేసుకుని మా వసారాలో అటూ ఇటూ నడిచి, "ఇంక గొర్రెల ఎనక నేనే పోతాను, కొడుకును పంపను" అన్నాడు. చరణ్ ఇప్పటికీ ఫోను చేయలేదు. చేస్తే క్షమించానని చెబుతాను, ఆ సంగీతం ఎందుకు పెట్టావు నాయనా అని మాత్రం తప్పకుండా అడుగుతాను.

సహోదరులారా, మీలో ఎవరైనా చిన్న అంగడికి పేజీ పెట్టుకోవాలనుకుంటే ప్రార్థన చేయండి, పేరు మాత్రం మీ పేరు మీదే రాయించుకోండి, రెండూ అవసరమే! విసిగిపోయి మాట రానివాళ్ళు, నా మాదిరి గరిటె పట్టుకుని దేవునితో పోట్లాడేవాళ్ళు ఉంటే భయపడకండి, ఆయన ఆ ప్రార్థన కూడా వింటాడు, మనం నొక్కడం మానేసిన తరువాత కూడా ఆయన పని చేస్తూనే ఉంటాడు. మీ భారం ఆయన మీద వేసి చూడండి. పాదాలు మొద్దుబారినవాళ్ళు మీ ఊళ్ళో ఎవరున్నా, ఏ మతమైనా, ఏ పల్లె అయినా మా వసారాకు పంపండి, ఏసన్న నేల మీద కూర్చుని కొలత తీస్తాడు, నేను కాఫీ పెడతాను.