వెనక గోడలో రెండు రాళ్ల సందు

టీవీలో కింద ఒక లైను పోయింది, అంతే. తాండూరు పరిసరాల్లో స్వల్ప ప్రకంపనలు అని. ఆ ‘స్వల్ప’ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాసినవాణ్ణి తెచ్చి మా వెనక గదిలో ఒక్క పూట కూర్చోబెట్టాలనిపిస్తుంది.

అసలు తప్పు మాదే. తాండూరు వాళ్ళకు నేల అదరడం కొత్త కాదు. ఊరి చుట్టూ నాపరాయి గనులు. మధ్యాహ్నం పూట మందు పెట్టి పేలుస్తారు. నేను వికారాబాద్ నుంచి పెళ్ళయి వచ్చిన కొత్తలో ప్రతి పేలుడుకూ ఉలిక్కిపడి వాకిట్లోకి ఉరికేదాన్ని. అత్తమ్మ నవ్వేది. “ఎటు ఉరుకుతవ్ బిడ్డా? అల్మారి మీద చెయ్యి పెట్టు, గిన్నెలు పడకుండ” అని నేర్పింది. పదేళ్ళలో నాకూ అదే అలవాటైంది.

ఆ రోజు పిల్లలు బడికి పోయాక అత్తాకోడళ్ళం వెనక గదిలో కూర్చుని కందులు బాగుచేస్తున్నాం. గాలికి దుమ్ము లోపలికి వస్తోందని తలుపు వేసుకున్నాం. నేల ఒక్కసారి కదిలింది. అలవాటు ప్రకారం నేను లేచి డబ్బాల మీద చెయ్యి పెట్టాను. అత్తమ్మ చేట ఆపకుండానే, “ఇయ్యాల మందు జర ఎక్కువ పెట్టిండ్రు” అంది. మోకాళ్ళు పాడయ్యేదాకా గనిలో బండలు తీసిన మనిషి ఆమె. రాయి చప్పుడు ఆమె కన్నా ఎవరికి తెలుసని నేనూ మళ్ళీ కూర్చున్నాను. అప్పుడే లేచి బయటికి పోయుంటే ఈ కథే లేదు.

రెండోసారి కదిలినప్పుడు గోడ మూలిగింది. కళ్ళు తెరిచేసరికి గది నిండా దుమ్ము. మాది పాత రాతి ఇల్లు, ఆ గోడ నుంచి ఈ గోడకు పొడవాటి బండలు పరిచి కప్పు వేశారు. ఒక బండ గోడ మీది నుంచి జారి, తలుపు దర్వాజ చట్రం మీద ఆగింది. ఆ సందులోంచి వచ్చే వెలుతురే మాకు దిక్కు. ఆ గదికి కిటికీ లేదు. నేను తలుపు లాగబోతే అత్తమ్మ నా కొంగు పట్టి వెనక్కి గుంజింది.

బండల పాలిష్ మిషన్ దగ్గర పనిచేసే మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. గడ్డపారతో తలుపు పెకలిస్తానని అరుస్తున్నాడు.

“తలుపు ముట్టకు! బండ దర్వాజ మీదనే ఆగింది. కదిలిస్తే మా మీదనే పడతది!” అని అత్తమ్మ లోపలి నుంచి కేక పెట్టింది.

వెనకింటి మేస్త్రీ గోడ అవతలికి చేరాడు. “పెద్దమ్మా, ఎక్కడ తియ్యాలె చెప్పు. బయటి నుంచి నాకు ఏం సమజైతలేదు” అన్నాడు.

అత్తమ్మ కందులు కొలిచే ఇనుప శేరు తీసుకుంది. గోడకు చెవి ఆనించి ఒక్కో రాయినీ కొట్టింది. బరువు మోస్తున్న రాయి ఖంగుమంటుందట, వదులైనది మొద్దుగా పలుకుతుందట. నాకు మాత్రం నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఎంతసేపు కొట్టిందో! ఊపిరాడక, “తొందరగా చెప్పండి అత్తమ్మా” అని ఏడ్చాను. చివరికి కింద మూలన రెండు రాళ్ళు చూపించి, అవి తియ్యమని మేస్త్రీకి చెప్పింది.

రాళ్ళు తీశాక మనిషి పాకేంత సందు ఏర్పడింది. “ముందు పెద్దమ్మను పంపుండ్రి. మోకాళ్ళు వంగయి గదా, లోపల్నించి నూకాలె” అన్నాడు మేస్త్రీ. నేను సరే అన్నాను. అత్తమ్మ బోర్లా పడుకుని చెయ్యి ముందుకు చాచింది. అప్పుడు పైన బండ కిర్రుమంది. నా మెడ మీద మట్టి రాలింది.

తర్వాత ఏమైందో గుర్తు లేదని చాలా మందికి చెప్పాను. గుర్తుంది. ఆమె భుజం పట్టి పక్కకు నెట్టి నేను సందులో తల పెట్టాను. నా కాలి కింద ఆమె కుడి చెయ్యి నలిగింది. ఒక్కసారి “అమ్మా” అంది. నేను ఆగలేదు.

నా తన్నులకు వెనక రాళ్ళు జారి సందు మూసుకుపోయింది. “అమ్మేది?” అని మా ఆయన నన్ను పట్టి ఊపాడు. లోపల ఆమె ఒక్కతే మళ్ళీ శేరుతో గోడ కొడుతోంది, ఈసారి ఎడమ చేత్తో. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు ఆమెను బయటికి తీశారు.

మంచం మీద పడుకోబెట్టగానే ఆమె అన్న మొదటి మాట, “నేనే ముందు పొమ్మన్న. పిల్లల తల్లి గదా.” చెయ్యి సంగతి అడిగితే రాయి పడిందని చెప్పింది.

గల్లీ వాళ్ళందరూ కొన్నాళ్ళు మంచాలు రోడ్డు మీద వేసుకుని పడుకున్నారు. పగిలిన గోడలకు సిమెంటు పూశారు, కూలే గోడలను వాళ్ళే కూల్చుకున్నారు. మా ఇంటికి బండలు తీసేసి స్లాబు వేశారు. ఆ పని జరిగినన్నాళ్ళూ నేను వికారాబాద్‌లో మా అమ్మగారింట్లో ఉన్నాను. అక్కడ బాత్రూముకు గొళ్ళెం పెట్టుకోలేకపోయేదాన్ని. తిరిగొచ్చేసరికి ఊరు ఎప్పటిలా ఉంది. పేలుడు వినబడితే మాత్రం జనం చెప్పులు కూడా లేకుండా బయటికొస్తున్నారు.

కోడల్ని ముందు పంపిన అత్త అని చుట్టాలంతా ఆమెను పొగిడారు. వచ్చినవాళ్ళందరికీ ఆమె అదే కథ చెప్పేది. నేను చాయ్ కప్పులు అందిస్తూ అక్కడే నిలబడాలి. ఆ గదిలో ఉన్నది ఒక్క పూటే, ఈ కథలో రెండేళ్ళుగా ఉన్నాను.

మొన్న ఆమెకు అన్నం కలిపి పెడుతున్నాను. వేళ్ళు సరిగా ముడుచుకోవు, అందుకని రోజూ నేనే కలిపిస్తాను. ఇక ఉండబట్టలేక, “అత్తమ్మా, ఆ రోజు మీరు పొమ్మనలేదు” అన్నాను.

ఆమె ముద్ద నమిలి మింగింది. “మల్ల భూమి కదిలితె గూడ నువ్వే ముందు పో” అంది. “జర చెయ్యి తొక్కకుండ పో.”

నేను ఏడుస్తున్నాను. ఆమె నవ్వలేదు. ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది.