సింహం చావని కథ

బంగారు గనుల మారికుప్పం నుంచి బెంగళూరు పోయే రైల్లో మనకు దొరికే కిటికీ ఎప్పుడూ తెరుచుకోదు. గాలి వచ్చే కిటికీ పక్కన ఎప్పుడూ వేరేవాళ్లుంటారు. గనులు మూసేసిన మరుసటి ఏడాది అక్కడ భర్తతో, పాపతో ఒకామె కూర్చుని, రోజుకో జంతువును తినే సింహం కథ పాపకు చెబుతోంది. కుందేలు వంతు వచ్చింది, సింహాన్ని బావి దగ్గరికి తీసుకుపోయింది. "సింహం బావిలోకి తొంగి చూసి, ఊరికే ఇంటికి ఎలబారిపోయింది" అని ముగించింది.

నేనప్పుడు కొత్తగా ఎం.ఏ. పాసయినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. సింహం దూకి చావాలన్నాను. సింహమంటే యజమాని, కుందేలంటే కార్మికుడు, వంతంటే షిఫ్టు అని వివరించాను. పాప ఆవలించింది. తర్వాత నా క్లాసుల్లోనూ అదే జరిగింది.

"మా గని కూలోళ్ల లైన్ ఇండ్లల్లో ఇప్పుడు ఏ తల్లీ సింహాన్ని చంపదప్పా" అందామె.

"ఎందుకమ్మా?"

గని పని పోయి, బెంగళూరులో వాచ్‌మన్ పని అడగడానికి పోతున్న భర్త, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. ఆమె ముఖం నాకిప్పుడు గుర్తులేదు, గొంతు మాత్రం ఉంది.

"ఈయన ఇన్నేండ్లూ దాని నోట్లోనే కదా పని చేసినాడు. ఇంగ అది సచ్చినాక కుందేలుకు కూడు ఎవురు పెట్టినారు, చెప్పప్పా."