చాచా చెప్పని కొలత

చాచా పోయాడని బోధన్ నుంచి ఆయన పెద్ద కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను దోహాలో మా హోటల్ వంటగదిలో ఉన్నాను. రెండు రోజులు జ్వరమట, మూడో రోజు పొద్దున నమాజుకు లేవలేదట. "అయ్యో" అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఆ మాట అనేవాళ్ళు చాచాతో ఒక్క నెల ఒకే పొయ్యి దగ్గర నిలబడి ఉండరు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పకుండానే వెళ్ళిపోయాడు మనిషి.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది బోధన్, నాది జగిత్యాల దగ్గర పల్లె. చమురు, గ్యాస్ డబ్బుతో దోహా సముద్రపు ఒడ్డున టవర్ల మీద టవర్లు లేస్తున్న రోజులవి. నేను అల్ ఖోర్ వైపు ఒక క్యాంప్ మెస్‌లో కూరగాయలు కోసేవాణ్ణి. మా ప్రాజెక్టు అయిపోవచ్చింది. రెండు నెలల్లో అందరినీ ఇంటికి పంపేస్తామని కంపెనీ చెప్పేసింది. నాకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఎందుకంటే అంతకుముందు ఒకసారి గల్ఫ్‌కు వచ్చి, ఆరు నెలలకే కంపెనీ మూతపడి తిరిగి వెళ్ళినవాణ్ణి. "దుబాయ్ పోయిండు, గప్పుడే అచ్చిండు" అని ఊళ్ళో అందరికీ నేనొక నవ్వులాట అయ్యాను. నా భార్య నీళ్ళకు వెళ్ళడం కూడా మానుకుంది. రెండోసారి ఉత్త చేతులతో ఆ ఊళ్ళో బస్సు దిగడం నా వల్ల కాదు.

మెస్‌లో ఒకాయన చెప్పాడు, దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మన దిక్కు మనిషి ఒకాయన ఉన్నాడు, పెద్ద హోటల్‌లో మంగోలియన్ బార్బెక్యూ కౌంటర్ ఆయనదే, రెండో కౌంటర్‌కు మనిషిని వెతుకుతున్నారు అని. శుక్రవారం బస్సెక్కి వెళ్ళాను. పాత ఇల్లు, గదులకు చెక్క గోడలు, ఆరుగురికి ఒక్క వంటగది. చాచా లుంగీతో నిలబడి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏ ఊరు?"

"జగిత్యాల దగ్గర, చాచా."

"ఎల్లిగడ్డ కొయ్య వస్తదా?"

నా ఇంటర్వ్యూ అంతే. రెండు కిలోల వెల్లుల్లి ముందు పోసి ఆయన జుమా నమాజుకు వెళ్ళిపోయాడు.

ఆ వంట సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బండి చక్రమంత గుండ్రటి ఇనుప తవా ఉంటుంది, కింద మంట. తినేవాళ్ళు గిన్నెలో తమకిష్టమైన కూరగాయలు, కోడిమాంసమో రొయ్యలో, నూడుల్స్ వేసుకుంటారు. పక్కనున్న సాస్ కుండల్లోంచి తోచినంత గరిటెతో ఇంకో చిన్న గిన్నెలో పోసుకుంటారు. మనం దాన్ని వాళ్ళ కళ్ళ ముందే తవా మీద పొడవాటి కర్రలతో తిప్పి తిప్పి వేయించి ఇస్తాం. దీనికీ మంగోలియాకూ ఏం సంబంధమో చాచాకు తెలియదు. ఒకసారి నిజంగానే ఆ దేశపు అతిథి వస్తే అడిగాడట. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, రెండు ప్లేట్లు తిని వెళ్ళాడట.

తవా మీద తిప్పడం పది రోజుల్లో ఎవరైనా నేర్చుకుంటారు. ప్రాణమంతా సాస్‌లలో ఉంది. చాచా వాటిని ముందు ఇంట్లో కలిపి చూసుకునేవాడు, తర్వాతే హోటల్‌లో. సోయా, ఎల్లిగడ్డ ఒకటి. అల్లం ఒకటి. ఎండుమిర్చి ఒకటి. దోరగా వేయించి నూరిన నువ్వులది ఒకటి. పుల్లతీపిది ఒకటి. ఈ సాస్‌లలో కొన్నింటిలో చైనావాళ్ళు సారా పోస్తారు. చాచా ఆ సీసా ముట్టడు. దాని బదులు ఖర్జూరం పాకం, సిర్కా అనే వెనిగర్, ఎండిన నల్ల నిమ్మకాయ నానబెట్టిన నీళ్ళు కలిపేవాడు. ఆ వాసనకు పక్క ఇళ్ళవాళ్ళు గోడ మీంచి తొంగిచూసేవాళ్ళు.

నాకు కావలసింది ఆ కొలతలు. అవి నేర్చుకుని హోటల్‌లో పెద్ద షెఫ్ ముందు చేసి చూపిస్తే ఉద్యోగం, లేకపోతే విమానం. ఆ ముక్క చాచాకు మొదటి రోజే కాళ్ళు పట్టుకున్నంత పని చేసి చెప్పాను.

"సోయా ఎంత పోసినవ్, చాచా?"

"జరంత."

"జరంత అంటే?"

"శానా కాదు."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. నాకు కాదు, ఆయన తల.

దీని వెనక ఒక కథ ఉంది. నాకంటే ముందు ఒకతను ఆయన దగ్గర రెండేళ్ళు నేర్చుకున్నాడు. కొలతలన్నీ చెప్పించుకుని, కాగితం మీద రాసుకుని, ఇంకో హోటల్‌కు పోయి అవన్నీ తన సొంత తెలివేనని చెప్పి పెద్ద ఉద్యోగం కొట్టాడు. తర్వాత బజారులో ఎదురుపడితే సలాం కూడా పెట్టలేదట. ఆ రోజు చాచా రూంలో అందరి ముందు అల్లా మీద కసమ్ తిన్నాడు, తన నోటితో గానీ చేతిరాతతో గానీ కొలత ఇంకెవరికీ ఇవ్వనని.

"వాడు చేసిన పనికి నాకెందుకు శిక్ష, చాచా?" అని ఎన్నిసార్లు బతిమాలానో.

"నువ్వు మంచోనివే, బేటా. కసమ్ కసమే."

మరి నన్నెందుకు రమ్మంటున్నట్టు? అది అడిగితే, "ఎల్లిగడ్డ ఎవడు కోస్తడు?" అనేవాడు. వచ్చే నవ్వును మింగేసి అనేవాడు, అదింకా మంట.

పైగా ఆయన చాదస్తాలు ఒకటా రెండా. చేతులు మూడుసార్లు కడగనిదే సీసా ముట్టనివ్వడు. ఒక్క సీసా మీదా పేరు రాయడు, "కండ్లు లేవా, ముక్కు లేదా" అంటాడు. అల్లం తొక్క చెంచాతో గీకాలి, కత్తి పెడితే నా చేతి మీద కొట్టేవాడు. గుంటూరు మిర్చి కాకుండా ఇంకేదన్నా తెస్తే తిరిగి దుకాణానికి పంపేవాడు. అన్నీ సిద్ధం చేశాక, సరిగ్గా కలిపే వేళకు, "నూడుల్స్ అయిపోయినయ్, ఉరుకు" అని నన్ను తరిమేవాడు. నేను మెట్లు దిగి, రోడ్డు దాటి, కొని తెచ్చేసరికి ఐదు సాస్‌లూ కలిసిపోయి మూతలు పెట్టి ఉండేవి. అటక మీద చూస్తే నూడుల్స్ పొట్లాలు అప్పటికే ఎనిమిది.

నేనూ తక్కువ తినలేదు. మొదటి శుక్రవారమే సీసాలన్నింటికీ, ద్రవం ఉన్న ఎత్తున, కనపడీ కనపడకుండా, నీలి పెన్నుతో గీత పెట్టాను. దుకాణం నుంచి వచ్చాక, ఆయన గదిలోకి వెళ్ళినప్పుడు, ద్రవం ఎంత దిగిందో అక్కడ ఇంకో గీత. రెంటి మధ్య దూరం స్కేలుతో కొలిచి చిన్న డైరీలో రాసుకున్నాను. నాలుగు శుక్రవారాలు అలాగే చేశాను. నాలుగుసార్లూ కొలత ఒక్కటే వచ్చింది. వెంట్రుకవాసి తేడా లేదు. అందాజగా పోస్తానని అందరి ముందు గొప్పలు చెప్పే మనిషి చెయ్యి ఇంత నిక్కచ్చిగా ఉంటుందా అని ఆశ్చర్యపోయాను. అల్ ఖోర్ బస్సులో కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. ముసలోణ్ణి బోల్తా కొట్టించాననుకున్నాను.

పరీక్ష రోజు వచ్చింది. పెద్ద షెఫ్ ఫిలిప్పీన్స్ మనిషి, నెమ్మదస్తుడు. చాచా రాలేదు, ఆయన డ్యూటీ వేరే. డైరీ జేబులో పెట్టుకుని, అవే రకం సీసాలు, అవే కొలతలతో ఐదూ కలిపాను. కలిపాక, మా అమ్మ పచ్చిపులుసు చూసినట్టు, అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకాను. ఉప్పు నాలుక కోసేసింది. రెండోది చూశాను, పులుపుకు కళ్ళు మూసుకుపోయాయి. నాకు వెంటనే తోచిన మాట ఇది: ముసలోడు గీతలు కనిపెట్టి కావాలని తప్పు కొలతలు పోశాడు. ఇవాళ ఈ మాట రాస్తుంటే సిగ్గేస్తోంది. ఆ రోజు మాత్రం పళ్ళు నూరుకుంటూ అన్నిట్లో నీళ్ళు పోశాను, చక్కెర వేశాను, అరచేతిలో తియ్యగా, పుల్లగా, కమ్మగా తగిలేదాకా సరిచేశాను. తవా మీద క్యాబేజీ వేశాను. క్యాబేజీ నీళ్ళూరింది, పుట్టగొడుగులు నీళ్ళూరాయి, నా సాస్ నీళ్ళ మీద నీళ్ళు. చెరువైంది. ఆ నీళ్ళు ఇగిరేసరికి చక్కెర అడుగంటి నల్లగా పొగ లేచింది. షెఫ్ ఒక ముద్ద తిని ఫోర్క్ కింద పెట్టాడు.

"టూ మచ్ వాటర్, మై ఫ్రెండ్. సారీ" అన్నాడు.

నేరుగా చాచా రూంకు వెళ్ళి నోటికొచ్చినట్టు అరిచాను. "నీ కసమ్ చల్లగుండ, నా బతుకు ఆగం చేసినవ్. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుండె?" అన్నాను.

"అయిపోయిందా? ఇప్పుడు ఏం జేసినవో మొదటి నుంచి చెప్పు."

గీతల సంగతి తప్ప అన్నీ చెప్పాను. అందాజగా పోశానన్నాను. అరచేతిలో నాకి చూశానన్నాను. నీళ్ళు పోశానన్నాను. అక్కడికి వచ్చేసరికి చాచా నుదురు కొట్టుకున్నాడు.

"అరే, తొక్కు ఉత్తగ తింటవార?"

"తినను."

"ఎందుకు తినవు?"

"ఉత్త పచ్చడి ఉప్పుంటది. అన్నంల కలుపుకుంటరు గద."

"మరి ఇది గూడ గంతే గద. కూరగాయ నీళ్ళిడుస్తది, నూడుల్స్ చప్పగుంటయ్. ఉత్తగ నాలుక మీద మంచిగున్నదంటే తవా మీద సచ్చినట్టే. నీ అందాజ మంచిగనే ఉండె. నీళ్ళే ముంచినయ్."

"ఈ ముక్క ముందే చెప్పచ్చు గద, చాచా. ఇది కొలత గాదు గద."

"నువ్వు అడగలే" అన్నాడు.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అలాంటి మనిషిని ఏం చేయాలో మీరే చెప్పండి.

మర్నాడు ఆయన షెఫ్ దగ్గరికి వెళ్ళి, అన్నేళ్ళ సర్వీసులోనూ ఎవరినీ ఏదీ అడగనివాడు, ఇంకొక్కసారి చూడమని అడిగాడు. శుక్రవారం మధ్యాహ్నం, నిండా జనమున్నప్పుడు, తన కౌంటర్‌లోనే నన్ను నిలబెట్టాడు. నా చేతులకు గ్లౌజులు తొడిగాడు, మూతికి మాస్క్ కట్టాడు, వెనక ముడి ఆయనే వేశాడు. "నాకినవంటే వీపు పగులుతది" అన్నాడు. అవే కొలతలతో కలిపాను. నమ్మకం లేదు, భయం మాత్రం నిండుగా ఉంది. చాచా చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. కర్రలు తిప్పుతుంటే మాత్రం ఆయన గొణుగుడు వినపడుతూనే ఉంది, "ఇప్పుడు కాదు... ఇప్పుడు కాదు... నీళ్ళిగరనీ... ఆఁ, యల్లా, సాస్ పొయ్యి." ఒక ఖతరీ పెద్దాయన మనవళ్ళతో వచ్చి తిని వెళ్ళాడు. పావుగంటకు ఖాళీ గిన్నెతో మళ్ళీ వరసలో నిలబడ్డాడు. షెఫ్ దూరం నుంచి చూసి తల ఊపాడు.

ఆ తల ఊపుడు మీదే ఇవాళ్టికీ బతుకుతున్నాను. ఉద్యోగం మారడానికి పాత కంపెనీ రిలీజ్ కాగితం ఇచ్చింది, నేను ఊరికి సెలవు మీద వెళ్ళానే తప్ప ఓడిపోయి వెళ్ళలేదు. నా భార్య తలెత్తుకుని నలుగురిలోకి వెళ్ళింది. ఇదంతా ఆయన పెట్టిన భిక్ష. ఆ మాట ఆయన ముందు అనబోతే, "ఎల్లిగడ్డ పెద్దగ కోస్తున్నవ్" అని మాట మార్చేవాడు. ఆయన బోధన్ వెళ్ళిపోయిన తర్వాత కూడా ఫోన్‌లో అదే వరస. మూడు నెలల కింద, ఇప్పుడైనా చెప్తాడేమోనని అడిగాను.

"అల్లం సాస్‌ల నువ్వు సిర్కా ఎంత పోస్తుంటివి, చాచా?"

"నువ్వెంత పోస్తున్నవ్?"

చెప్పాను.

"తింటున్నరా?"

"తింటున్నరు."

"మరి నన్నెందుకు సతాయిస్తవ్?" అని ఫోన్ పెట్టేశాడు. అదే చివరి మాట. అందుకే నాకంత కోపం.

మూడో రోజు సమాధి దగ్గర జియారత్ ప్రార్థనలు అయ్యాక ఆయన కొడుకు మళ్ళీ చేశాడు. వచ్చినవాళ్ళ గురించి చెప్పాడు, తర్వాత ఇలా అన్నాడు.

"అన్నా, మా అబ్బా మీ ముచ్చట చెప్పి శాన నవ్వెటోడు. మీరు సీసాల మీద గీతలు గీసిండ్రట గద."

నా చెవులు వేడెక్కాయి. "ఆయనకు తెలుసా?"

"మొదటి శుక్రవారమే చూసిండట. కసమ్ తిన్న, చెప్పరాదు, దొంగతనం జేస్తుండు గద, చెయ్యనీ అనుకున్నడట. గీతల నడుమ దూరం వేళ్ళతోని కొలుచుకొని, తర్వాత అన్ని శుక్రవారాలు గంతే పోసిండట. అందాజగా పోస్తే ఒక్కోసారి ఒక్కో తీరుగ పడ్తది, పోరడు ఆగమైతడు అనెటోడు. మిమ్మల్ని దుకాణంకు పంపి, మీరు వచ్చేలోపల చేసెటోడట."

ఫోన్ పెట్టేసి సరుకుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. ఇన్నేళ్ళూ ఆయన్ను నేను మోసం చేశాననుకున్నాను. ఆ పరీక్ష రోజు మాత్రం ఆయనే నన్ను మోసం చేశాడనుకున్నాను.

నేను చూడని ఆ వంటగది అప్పటి నుంచి నా కళ్ళ ముందే ఉంది. నేను మెట్లు దిగిపోయాను. చాచా సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి, అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, నా నీలి గీతకు వేళ్ళు ఆనించి, కొద్దికొద్దిగా వంచుతున్నాడు. నేను వచ్చేస్తానేమోనని తలుపు వైపు చూస్తున్నాడు. ఒక్క చుక్క ఎక్కువ పడిందేమోనని మళ్ళీ వెలుతురుకు ఎత్తి చూసుకుంటున్నాడు.