అల్లుడుగారు దించమన్న మీట

మా బావకి భయం ఎక్కువ. వంటింట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపి, టెస్టర్‌తో ఒకటికి రెండుసార్లు చూసుకుని అప్పుడు స్టూలెక్కుతాడు. ఇళ్ళ మీద సోలార్ ప్యానెళ్ళు బిగించడం తన పని. వాటిని నా వ్యానులో మోసుకెళ్ళడం నా పని. ఇంత పిరికివాడివి కరెంటు పనిలోకి ఎలా వచ్చావని నేను ఆటపట్టిస్తుంటాను. "పిరికివాణ్ణి కాబట్టే ఇంకా బతికున్నాను" అంటాడు.

మా అమ్మకి మాత్రం అల్లుడి మాటంటే వేదం. నేను చెప్పింది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. బావ ఒకసారి "నీళ్ళు కాచి తాగండి అత్తయ్యగారూ" అన్నాడో లేదో, ఆ రోజు నుంచి ఇంట్లో ఎవర్నీ పచ్చినీళ్ళు ముట్టనివ్వలేదు. కడుపున పుట్టినవాడికి లేని విలువ అల్లుడికెందుకో నాకిప్పటికీ అర్థం కాదు, కాస్త మంటగా కూడా ఉంటుంది.

అలాంటి అమ్మకి బావ ఒక జాగ్రత్త చెప్పాడు. మా ఇంటి మీద ప్యానెళ్ళు పెట్టిన రోజున, మెట్ల పక్కన, ఎండ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే మిషన్ కింద బిగించిన పెట్టె తెరిచి చూపించాడు. "వాసన వచ్చినా, మిషన్ కూసినా, ఏ తేడా అనిపించినా ముందు ఈ మీట కిందికి దించెయ్యండి అత్తయ్యగారూ. మిగతాది నేనొచ్చి చూసుకుంటాను." అమ్మ ఆ మాట పాఠంలా వల్లె వేసుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి మేమిద్దరం ఒక చెప్పుల దుకాణం మేడ మీద ఉన్నాం. బావ అట్టపెట్టెలోంచి కొత్త బ్రేకర్ తీశాడు. ప్యానెళ్ళ నుంచి దిగే కరెంటుని ఆపే మీటే బ్రేకర్. బిగించబోయినవాడు ఆగి, కళ్ళజోడు సర్దుకుని, దాన్ని కంటికి దగ్గరగా పట్టుకున్నాడు. ఆవగింజంత ప్లస్, మైనస్ గుర్తులున్నాయి దాని మీద. అవి చూసిన మనిషి చూస్తూనే ఉండిపోయాడు.

"ఏమైంది బావా?"

"దీనికి ప్యానెళ్ళ ప్లస్ తీగ కిందనుంచి ఇవ్వాలి."

"అయితే కిందనుంచే ఇవ్వు."

"ఇన్నాళ్ళూ వాడినవాటికి ఈ గుర్తుల్లేవు. ఎటునుంచి ఇచ్చినా ఒకటే. అలవాటు కొద్దీ అన్నిటికీ పైనుంచే ఇచ్చాను." అట్టపెట్టె వైపు చూశాడు. "మీ ఇంట్లో పెట్టింది కూడా ఈ పెట్టెలోదే."

"అది బాగానే పనిచేస్తోందిగా."

"ఎక్కించి ఉంచినంతసేపు బాగానే ఉంటుంది. దించితేనే."

నాకు అర్థం కాలేదని మొహం చూసి కనిపెట్టాడు. కరెంటు పారుతుండగా మీట దించితే లోపల చిన్న మంట లేస్తుందట. ఇంటి కరెంటైతే ఆ మంట దానంతటదే ఆరుతుంది. సోలార్ కరెంటు ఆగకుండా ఒకే దిక్కుకి తోస్తుంది. అందుకని లోపల అయస్కాంతం పెట్టి, ఆ మంటని ఒక గూట్లోకి నెట్టి చంపుతారు. తీగలు తిరగేస్తే అదే అయస్కాంతం మంటని వెనక్కి, మీట వైపుకి నెడుతుంది. పెట్టె అంటుకుంటుంది.

"ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు.

"అమ్మ ఒక్కతే."

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అమ్మ ఫోన్ ఎక్కడ పోతుందోనని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటుంది. ఎప్పుడూ నవ్వుకునే సంగతే, ఆ రోజు ఏడుపొచ్చింది.

వ్యాను ఎలా తోలానో నాకే తెలియదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇంత ఎండ ఉంటే తీగల్లో కరెంటు ఎంత పారుతుందో బావకి తెలుసు, అందుకే కిటికీలోంచి ఆకాశం చూడ్డం మానలేదు. "దించమని నేనే చెప్పాను" అన్నాడు. కాసేపాగి మళ్ళీ అదే అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

వీధి మలుపులోనే మిషన్ కూత వినిపించింది. బయటి కరెంటు ఎక్కువ తక్కువైతే అది అలా కూస్తుంది, దానివల్ల ప్రమాదమేమీ లేదు. నేను గేటు తోసుకుని పరిగెత్తాను. అమ్మ చెంగుకి చెయ్యి తుడుచుకుని, పెట్టె మూత తెరిచి నిలబడి ఉంది. వేలు మీట మీదే ఉంది.

"అమ్మా, ముట్టుకోకు."

"నువ్వుండరా. కూస్తే దించమని అల్లుడుగారు చెప్పారు."

"దించొద్దంటున్నానా!"

"నీకేం తెలుసు?"

వెనక బావ మెట్ల దగ్గర రొప్పుతూ ఆగాడు. "అత్తయ్యగారూ, నేను చెప్పింది తప్పు. చెయ్యి తీసెయ్యండి."

అమ్మ చెయ్యి తీసేసింది.

బావ మీట జోలికి పోలేదు. ముందు మిషన్‌కీ ఇంటికీ మధ్యనున్న స్విచ్ ఆపాడు. ప్యానెళ్ళ తీగకి మీటర్ తగిలించి, కరెంటు పారడం లేదని చూశాడు. మేడెక్కి ప్యానెళ్ళ దగ్గర తీగలు విడదీసి వచ్చాడు. పెట్టెలో మళ్ళీ మీటర్ పెట్టి చూసి, అప్పుడు మీట దించి బ్రేకర్ ఊడదీశాడు. తిప్పి చూస్తే దాని పక్క నల్లగా కమిలి ఉంది.

"దీన్ని ఇంతకుముందే ఎవరో దించారు" అన్నాడు, చాలా మెల్లగా.

అమ్మ తల దించుకుంది. "మొన్న మధ్యాహ్నం ఇలాగే కూస్తే దించాను. టప్‌మంది. కాస్త కాలిన వాసన కూడా వచ్చింది. భయమేసి వెంటనే ఎక్కించేశాను."

"మరి చెప్పలేదేం అత్తయ్యగారూ?"

"మీ పనికి వంక పెట్టినట్టుంటుందని."

బావ కాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. తర్వాత లేచి, వెంట తెచ్చిన కొత్త బ్రేకర్‌కి గుర్తుల ప్రకారం తీగలు బిగించి, స్క్రూడ్రైవర్ నాకిచ్చి, తన కళ్ళజోడు తీసి అమ్మ చేతికిచ్చాడు.

"ఇది ప్లస్, ఇది మైనస్. సరిగ్గా ఉన్నాయో లేదో మీరు చూసి చెప్పండి. తప్పుంటే తప్పనండి."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పెట్టెలోకి వంగి, చాలాసేపు చూసింది. నా వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుంది.

"గుర్తులు సరిగ్గానే ఉన్నాయి అల్లుడుగారూ. ఆ రెండో తీగే, కాస్త వదులుగా ఉన్నట్టుంది."

బావ నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. అది నిజంగానే వదులుగా ఉంది.