నా పాటకు నేనే దొంగను

నా పాటను నేనే దొంగిలించి దొరికిపోయాను. ఇంత తెలివి మా ఇంట్లో ఇంకెవరికీ లేదని మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకుంటుంది.

తొంభైల్లో, హైదరాబాద్ పాతబస్తీ ఛత్రినాకలో మా గల్లీ బోనాలకు ఏటా ఒక కొత్త పాట కట్టేవాణ్ణి. పగలు ఆఫీసులో ఫైళ్లు కట్టడం, సాయంత్రం పాటలు కట్టడం. ఒక ఏడు పాట బాగా కుదిరింది. క్యాసెట్ల సేఠ్ పిలిపించి రికార్డు చేయించి, కాగితాలు ముందు పెట్టాడు. రోజంతా పరుల అర్జీల్లో తప్పులు వెతికే గుమాస్తాను, నా కాగితం మాత్రం ఒక్క ముక్క చదవలేదు. అట్ట మీద నా ఫోటో వేస్తానన్నాడు. అందులో తల సరిగ్గా దువ్వుకున్నానో లేదో అన్న ఫికర్‌లో సంతకం పెట్టేశాను.

కొన్నేళ్లకు ఆ క్యాసెట్ దొరకడం మానేసింది. బొంబాయిలో ఉన్న మా చెల్లెలు ఆ పాట వినాలని అడిగింది. పక్క గల్లీ నెట్ సెంటర్ భాయ్‌ని బతిమాలి, ఎవరైనా ఊరికే తీసుకునేలా అతని సెంటర్ పేరు మీదే ఇంటర్నెట్‌లో పెట్టించాను. నెల తిరక్కుండా సేఠ్ నోటీసు వచ్చింది. నాకు కాదు, భాయ్‌కి. అనుమతి లేకుండా పాట పంచినందుకు జరిమానా కట్టాలి, లేదంటే కేసు.

"పాట నీదే అంటివి గదా అన్నా," అన్నాడు భాయ్. "సెంటర్‌కు తాళం వడితే పిల్లలకు అన్నంల నీ పాట కలిపి పెట్టాల్నా?"

నోటీసు పట్టుకుని సేఠ్ దగ్గరికి పోయాను.

"పాట నాది సేఠ్."

"ఉండె. సంతకం పెట్టినంక నాది. దొంగ సీడీలు సంచులల్ల తెచ్చి అమ్మెటోళ్లు నన్ను ముంచిన్రు సార్. డప్పు కొట్టినోళ్లకు, పాడినోళ్లకు నేనేమియ్యాలె?"

ఆ మాట నిజమే. మందిని ముంచి అమ్ముకునేవాడికి శిక్ష పడాల్సిందే.

"మరి సంచులల్ల అమ్మినోనికి, చెల్లెకు వినిపించినోనికి ఒక్కటే జరిమానా ఏంది?"

"నోటీసు ఒక్క తీరే అచ్చు కొట్టిచ్చిన. మనిషికో తీరు యాడ కొట్టియ్యాలె?" అన్నాడు. నా చేతిలోని నోటీసు తీసుకుని, "పాట తీసేయిండ్రి, నోటీసు వాపస్. కానీ ఈ బోనాలకు నాకో కొత్త పాట గావాలె," అన్నాడు.

పాట తీయించాను. భాయ్ సెంటర్ నిలిచింది. కొత్త పాట కట్టాను.

బోనాలు దగ్గరపడ్డాయి. రికార్డింగుకు పాడేవాళ్లు వచ్చి సేఠ్ దగ్గర కూర్చున్నారు. సేఠ్ మళ్లీ కాగితాలు తీశాడు. నేను భాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, "చదివి వినిపియ్యుండ్రి సేఠ్," అన్నాను. మూడో పేజీలో జరిమానా మాట రాగానే ఆపాను. పైసలు తీసుకోకుండా పంచుకునేవాళ్లకు జరిమానా లేదని రాయమన్నాను. గొణుక్కుంటూనే రాశాడు.

ఆరో పేజీకి ఆయన గొంతు బొంగురుపోయింది. భాయ్ గ్లాసుతో నీళ్లు అందించాడు. సేఠ్ తాగి, పెన్ను నా చేతికిచ్చాడు.

నేను దాన్ని బల్ల మీద పెట్టి, "సరిగ్గ వినవడలే సేఠ్. మళ్ల మొదటిసంది చదువుండ్రి," అన్నాను.