చెరుకు బండెక్కిన పచ్చకోటు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. చేతిలో విజిల్, ఒంటి మీద పచ్చకోటు ఉంటే లోకం దానంతటదే వరుసలో నిలబడుతుందని. డిగ్రీ అయిపోయి, పత్రికలో ఉద్యోగం ఇంకా రాని ఆ ఖాళీ కాలంలో, పోలీసులు చాలని ఊళ్ళలో ట్రాఫిక్ చూసే పని మామూలు మనుషులకు అప్పగించడానికి ప్రభుత్వం నిధులిచ్చింది. ఆ నిధులు మా చోడవరం జంక్షన్‌లో నా దాకా వచ్చేసరికి ఒక విజిల్‌గా, వెలుతురు పడితే మెరిసే పట్టీలున్న ఒక కోటుగా, కొద్దిపాటి గౌరవ వేతనంగా మారాయి. (వేతనం వాళ్ళిచ్చేదే గానీ గౌరవం మనమే తెచ్చుకోవాలని ఎండలో నిలబడ్డాక తెలిసింది.) జరిమానా వేసే అధికారం లేదు. ఆపాలి, చెప్పాలి, అంతే.

మొదటిరోజే మా వీధి ఆటో ఆయన ఎదురయ్యాడు. ఒక చెయ్యి ఎప్పుడూ హారన్ మీదే ఉంటుంది కాబట్టి ఊరంతా ఆయన్ని హారన్ బాబాయి అనేది. "రోడ్డు మీద గోతులు పూడ్సడానికి డబ్బుల్లేవు గానీ, ఈ ఆడగుంట సేత విజిలూదించడానికి ఉన్నాయేటి?" అన్నాడు, అందరూ వినేటట్టు. "గోతుల సంగతి తరవాత బాబాయ్. ముందు నీ ఆటో గీతెనక్కి తియ్యి" అన్నాను. తీశాడు. తీసి, నేనెక్కడ మెత్తబడతానా అని రోజూ కాపు కాయడం మొదలుపెట్టాడు.

అది చక్కెర ఫేక్టరీకి చెరుకు తోలే కాలం. వడ్డాది నుంచి, మాడుగుల నుంచి ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి. బండి దాటి వెనక్కి పొడుచుకొచ్చిన గడలు మసకచీకట్లో కనబడక మోటారు సైకిళ్ళవాళ్ళు గుద్దుకుంటున్నారని, వాటికి ఎర్రగుడ్డ కట్టించాలని శిక్షణలో ఎస్సైగారు చెప్పారు. నేను దాన్నే పట్టుకున్నాను. ఒకరోజు సాయంత్రం గుడ్డ లేని ఒక బండిని ఆపి, డ్రైవర్‌ని కొట్టుకు పంపి కొనిపించి కట్టించాను. ఆటోలవాళ్ళంతా చూశారు. ఆ వెనకే గుడ్డ లేకుండా వచ్చిన ట్రాక్టర్ సాక్షాత్తూ మా మేనమామది. చిన్నప్పుడు నన్ను దాని మీదే కూర్చోబెట్టుకుని పొలాలన్నీ తిప్పిన మనిషి. విజిల్ ఊదాను.

"ఏటే, నన్నే ఆపుతావేటి?"

"ఎర్రగుడ్డేది మావయ్యా?"

"ముందు సూడు. నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టేను. పొద్దున్నే కట్టినవి."

"అవి ఎనకాలొచ్చేవోడికి కనబడవు."

"ఎనకాలొచ్చేవోడి దిష్టి నాకేటి సేస్తాదే?" అని, కాస్త తగ్గి, "గవర్నమెంటు నీకు డబ్బులిస్తంది మేనమామ బండి ఆపమనా?" అన్నాడు.

"అందరి బండ్లూ ఆపమని. అందులో నీదీ ఉంది."

మావయ్య ఇంజిన్ కట్టేసి చేతులు కట్టుకున్నాడు. "అయితే నీనూ దిగను. ఫేక్టరీ కాడ నా వంతు పోద్ది, సెరుకెండిపోయి తూకం పడిపోద్ది. మీ అత్తకి నువ్వే సెప్పుకో." (మా అత్త పేరెత్తడం న్యాయం కాదు.) నాలుగు వైపులా బండ్లు నిలిచిపోయాయి. వదిలేస్తే రేపటి నుంచి ఈ జంక్షన్‌లో నా మాట వినేవాడుండడు. ఆపితే మావయ్య పంట ఎండుతుంది. గుడ్డ నేనే తెద్దామంటే, నేనటు కదలగానే బండి ఇటు కదులుతుంది. హారన్ బాబాయిని కొనుక్కురమ్మన్నాను. "నాకేటిస్తాదమ్మా మీ గవర్నమెంటు?" అన్నాడు.

అప్పుడు కోటు విప్పాను. బండి వెనక్కెళ్ళి, చేతులు గీసుకుపోతున్నా లెక్కచెయ్యక, దాన్ని చెరుకు గడలకు గట్టిగా కట్టాను. "ఇప్పుడెల్లు మావయ్యా." ఆయన వెనక్కి వంగి చూసుకుని, ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ప్రభుత్వ నిధులు మెరుస్తూ ఫేక్టరీ వైపు వెళ్ళిపోయాయి.

"కోటు పోయింది కదే, ఇంక నీ మాటెవడింతాడు?" అన్నాడు హారన్ బాబాయి.

"విజిలుంది బాబాయ్. గీతెనక్కి." ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, ఆటో వెనక్కి తీశాడు.

మర్నాడు ఎస్సైగారు కోటేదన్నారు. చెరుకు బండికి కట్టానన్నాను. అది మనిషికిచ్చింది అన్నారు. అవసరం బండికండీ అన్నాను. మావయ్యనడిగితే, "అది కట్టిన కాడ్నించీ బండికి దిష్టి తగల్లేదు. ఇవ్వను, మీ ఎస్సైకి సెప్పుకో" అన్నాడు. కొత్త కోటుకు నిధుల్లేవన్నారు. ఇంకొన్నాళ్ళకు మా జీతాలకే లేవన్నారు. విజిల్ తిరిగిచ్చెయ్యమన్నారు. నేనివ్వలేదు. ఆ చెరుకు తోలకం అయ్యేదాకా చుడీదార్ మీదే నిలబడి ఊదాను.

మొన్నొక సాయంత్రం వార్త పని మీద మాడుగుల వెళ్ళి స్కూటర్ మీద తిరిగొస్తుంటే, లైటు వెలుగులో ముందేదో మెరిసింది. బ్రేకు వేశాను. వెలిసిపోయిన పచ్చకోటు, మావయ్య ట్రాక్టర్ వెనక ఊగుతోంది. ఇన్నేళ్ళుగా పత్రికలో ఎన్నో వార్తలు రాశాను. ఒక్కటీ రోడ్డు మీద ఇన్నాళ్ళు నిలవలేదు. ఆ చింకి కోటును దాటబుద్ధి కాక, నవ్వుకుంటూ దాని వెనకే మెల్లగా వస్తున్నాను. వెనక ఎవరో ఆపకుండా హారన్ కొడుతున్నారు. ఎవరో తెలుసు. పక్కకు తప్పుకోలేదు.